గజాలా హష్మి రికార్డు అసలు ఏమిటి? హైదరాబాద్ సంగతి పక్కన పెట్టి చెప్పండి

శ్రీను_గ్లెన్‌అలెన్

నమస్తే అందరికీ. మేం వర్జీనియాలో రిచ్‌మండ్ పక్కన గ్లెన్ అలెన్‌లో ఉంటాం. ఈ మధ్యే సిటిజన్‌షిప్ వచ్చింది, 2025 నవంబర్ 4న మొదటిసారి ఓటేశాను, ఎవరికి వేశానన్నది ఇక్కడ అనవసరం. ఫలితాలు వచ్చిన రాత్రి నుంచి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మి గురించి రెండే రకాల మెసేజీలు. ఒకటేమో మన హైదరాబాద్ ఆడపడుచు, మలక్‌పేట బిడ్డ అని దండలూ లడ్డూలూ. రెండోది ఎక్కడి నుంచో ఫార్వర్డ్ అయి వచ్చింది, తొమ్మిదో నెలలో కూడా కడుపు తీయించుకోవచ్చని చట్టం తెచ్చింది ఈవిడేనట. ఈవిడ వర్జీనియా రాష్ట్ర సెనేటర్‌గా ఏం చేసిందని అడిగితే లడ్డూ పెట్టినవాళ్ళూ చెప్పలేదు, తిట్టినవాళ్ళూ చెప్పలేదు.

నాకు కావాల్సింది సింపుల్. రాజకీయాల్లోకి రాకముందు ఏం చేసేది, సెనేట్‌లో ఉన్నన్నాళ్ళూ ఏ బిల్లులు పెట్టింది, ఆడవాళ్ళ ఆరోగ్యం, అబార్షన్ విషయంలో ఏ ఓటు వేసింది, ఇప్పుడొచ్చిన పదవిలో నిజంగా చేయగలిగేది ఎంత. ఇంకోటి మా ఆవిడ అడిగింది: గర్భనిరోధక సాధనాల హక్కు అని ఈవిడ ఏదో బిల్లు పెట్టిందంట, ఇక్కడ ఓపిల్ అనే మాత్ర చీటీ లేకుండా మందుల షాపులో నేరుగా అమ్ముతుంటే దానికి మళ్ళీ చట్టం ఎందుకు అని. నా దగ్గర జవాబు లేదు. పార్టీ గొడవలు వద్దు ప్లీజ్, తెలిసినవాళ్ళు చెప్పండి.

చెస్టర్‌ఫీల్డ్_మావయ్య

శ్రీను గారూ, నేను చెస్టర్‌ఫీల్డ్ కౌంటీలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను, 2019లో ఆవిడ మొదటిసారి నిలబడింది మా సీటుకే, అందుకని కాస్త దగ్గర నుంచి చూశాను. అప్పుడు అది 10వ డిస్ట్రిక్టు, రిచ్‌మండ్‌లో కొంత, చెస్టర్‌ఫీల్డ్‌లో కొంత, పౌహటన్ కౌంటీ. సిట్టింగ్ సెనేటర్ రిపబ్లికన్, గ్లెన్ స్టర్టెవెంట్. ఈవిడ అంతకుముందు ఏ చిన్న పదవికీ పోటీ చేసిన మనిషి కాదు. ఆ సీటుతో పాటు ఇంకో సీటు కూడా రిపబ్లికన్ల చేతిలోంచి పోవడంతో సెనేట్ 21-19తో డెమొక్రాట్ల చేతికి వచ్చింది.

హైదరాబాద్ సంగతి పక్కన పెట్టమన్నారు కానీ ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. 1964లో పుట్టారు, మలక్‌పేటలో అమ్మమ్మ గారింట్లో కొన్నాళ్ళు ఉండి నాలుగేళ్ళ వయసులో ఈ దేశం వచ్చేశారు. వాళ్ళమ్మ గారు చదివింది కోఠీ విమెన్స్ కాలేజీలో. నాన్న గారు జార్జియాలోని స్టేట్స్‌బరో అనే ఊళ్ళో యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. అప్పటికి అక్కడి బడుల్లో నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ ఇంకా కలుపుతూ ఉన్నారు, ఆ బడుల్లో పెరిగిన మనిషి. అంటే చార్మినార్ కంటే జార్జియా పాలే ఎక్కువ, మన గ్రూపుల్లో ఆ లడ్డూలు చూస్తే నాకు నవ్వొస్తుంది.

తర్వాత ఎమరీ యూనివర్సిటీలో అమెరికన్ సాహిత్యంలో పీహెచ్‌డీ, 1991లో రిచ్‌మండ్ వచ్చారు. అప్పటి నుంచి దాదాపు 30 ఏళ్ళు కాలేజీల్లో పాఠాలే, మొదట యూనివర్సిటీ ఆఫ్ రిచ్‌మండ్, ఎక్కువ కాలం రెనాల్డ్స్ కమ్యూనిటీ కాలేజీ. కమ్యూనిటీ కాలేజీ అంటే మనవాళ్ళకి కొంచెం చులకన, కానీ పగలు స్టోర్‌లో పనిచేసి సాయంత్రం క్లాసుకొచ్చే పిల్లలూ, పిల్లల తల్లులూ చదివేది అక్కడే. అక్కడ టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చే సెంటర్‌కి మొదటి డైరెక్టర్ కూడా ఈవిడే. 2017లో ట్రంప్ కొన్ని ముస్లిం దేశాల మీద ప్రయాణ నిషేధం పెట్టాక రాజకీయాల్లోకి రావాలనుకున్నానని ఆవిడే చెప్పారు. వర్జీనియా సెనేట్‌లో మొదటి ముస్లిం, మొదటి దక్షిణాసియా మనిషి. 2023లో హద్దులు మారి 15వ డిస్ట్రిక్టు నుంచి మళ్ళీ గెలిచారు.

ఇక అసలు విషయం. 2024లో ఆవిడ సెనేట్ ఎడ్యుకేషన్ అండ్ హెల్త్ కమిటీకి చైర్ అయ్యారు. నన్నడిగితే ఆవిడ రికార్డులో బరువైనది ఇదే, ఫొటోలో లెఫ్టినెంట్ గవర్నర్ కుర్చీ పెద్దగా కనిపించినా సరే. వర్జీనియాలో బడులకి సంబంధించిన బిల్లులు, ఆసుపత్రులు, మందులు, అబార్షన్ బిల్లులు చాలావరకు ఈ కమిటీ తలుపు దాటుకుని రావాలి. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు డాబ్స్ కేసులో తీర్పిచ్చి అబార్షన్ సంగతి రాష్ట్రాలకి వదిలేసింది కదా, ఆ తర్వాత అప్పటి గవర్నర్ యంగ్‌కిన్ 15 వారాలు దాటాక నిషేధం తేవాలని చూశారు, 2023 సెషన్లో ఆ బిల్లు చచ్చిపోయింది ఈ కమిటీలోనే. ఫుల్ సభకి రానేలేదు. ఏ బిల్లు ఎప్పుడు లిస్టులోకి ఎక్కుతుంది, ఎవరు ఎంతసేపు మాట్లాడతారు అన్నదాంట్లో చైర్ మాట నడుస్తుంది. సెషన్ ఎంత చిన్నదంటే సరి సంవత్సరం 60 రోజులు, బేసి సంవత్సరం అంతకన్నా తక్కువ. సెనేటర్ జీతం ఏడాదికి 18,000 డాలర్లు, మన కన్సల్టెన్సీ వాళ్ళు మధ్యలో మింగేసేది ఇంతకంటే ఎక్కువుంటుంది.

గర్భనిరోధక సాధనాల బిల్లు సెనేట్‌లో ఆవిడదే. 2024లో పెట్టారు, సభ పాస్ చేసింది, యంగ్‌కిన్ మార్పులు చెప్పారు, సభ ఒప్పుకోలేదు, ఆయన వీటో కొట్టారు. 2025లో మళ్ళీ పెట్టారు, మళ్ళీ పాస్, మళ్ళీ వీటో. మాత్రలు, కండోమ్‌లు, లూప్, ఇంప్లాంట్ లాంటివి తీసుకునే హక్కు మనిషికి, ఇచ్చే హక్కు డాక్టరుకి ఉంటుందనీ, దానికి ఎవరైనా అడ్డొస్తే కోర్టుకి పోవచ్చనీ చట్టంలో రాయడమే ఆ బిల్లు.

మీ ఆవిడ అడిగినదానికి జవాబు ఇక్కడుంది. ఈ రోజు షాపులో దొరుకుతుందన్నది నిజమే. కానీ ఆ దొరకడం వెనకున్న హక్కు 1965 నాటి గ్రిస్‌వోల్డ్ అనే సుప్రీంకోర్టు తీర్పు మీద నిలబడింది, అబార్షన్ హక్కు ఏ పునాది మీద నిలిచిందో దాదాపు అదే పునాది. డాబ్స్ తీర్పులో జస్టిస్ థామస్ విడిగా రాస్తూ గ్రిస్‌వోల్డ్‌ని కూడా మళ్ళీ చూడాలన్నారు. మిగతా జడ్జీలు ఆ మాట అనలేదు, ఒప్పుకుంటాను. అయినా కోర్టు మనసు మారాక రాష్ట్రంలో చట్టం రాసుకోవడం మొదలుపెడితే ఎప్పటికి తెములుతుంది? ఆవిడ వాదన అది, నాకైతే సబబుగానే అనిపించింది.

యాష్‌బర్న్_ప్రసాద్

మావయ్య గారు బాగా రాశారు కానీ ఒక వైపే రాశారు. నేను ఆమెకి ఓటెయ్యలేదు, ఎందుకో చెప్తాను, తిట్టకుండా వినండి.

మేం చర్చికి వెళ్ళే కుటుంబం, కడుపులో బిడ్డ బిడ్డే అని నమ్ముతాం, అది మూఢనమ్మకం కాదు. గర్భనిరోధకాల మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, మా ఇంట్లో ఇద్దరే పిల్లలు, అది ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా. కానీ ఆ బిల్లుకి యంగ్‌కిన్ చెప్పిన కారణం ఊరికే కొట్టిపారేసేది కాదు. గర్భనిరోధకాలకి నేను వ్యతిరేకిని కాదు, నమ్మకం ఒప్పుకోని డాక్టరుకి, నర్సుకి, సంస్థలకి రక్షణ ఇందులో సరిపోను లేదు అన్నారు. ఆ ఒక్క పేరా కలిపి సంతకం పెట్టించుకోవచ్చు కదా? రెండుసార్లు వీటో అవుతుందని తెలిసి మళ్ళీ అదే పంపడం ఎన్నికల కోసమే అని నాలాంటివాళ్ళకి అనిపిస్తుంది.

రెండోది అబార్షన్ హక్కుని వర్జీనియా రాజ్యాంగంలో చేర్చే సవరణ. అందులో ఆ హక్కు ప్రతి వ్యక్తికీ అని రాశారు. మైనర్ అమ్మాయికి అబార్షన్ చేయాలంటే తల్లిదండ్రుల్లో ఒకరి అనుమతి కావాలి అని ఇప్పుడు చట్టం ఉంది, రేపు ఆ మాట పట్టుకుని కోర్టులో ఇది చెల్లదంటే? మా అమ్మాయికి పదమూడేళ్ళు. బడిలో తలనొప్పి మాత్ర ఇవ్వాలన్నా నా సంతకం అడుగుతారు. ఈ భయం ఉన్నవాళ్ళందరినీ వెనకబడ్డవాళ్ళు అనేస్తే మాట్లాడటానికేం ఉండదు.

మనిషిగా ఆమె మీద నాకు గౌరవమే. మా ఊళ్ళో ఒక మీటింగ్‌లో చూశాను, అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పింది, అరవలేదు.

గైనిక్_అక్క

ప్రసాద్ గారూ, తిట్టను, పైగా మీ రెండో పాయింటు అడగాల్సిన ప్రశ్నే. సమర్థించేవాళ్ళు తల్లిదండ్రుల అనుమతి చట్టం అలాగే ఉంటుందంటున్నారు, వ్యతిరేకించేవాళ్ళు పోతుందంటున్నారు, చివరికి అది తేలేది కోర్టులోనే. ఇప్పుడున్న చట్టంలో కూడా ఇంట్లో చెప్పుకోలేని పరిస్థితి ఉంటే ఆ అమ్మాయి జడ్జి దగ్గర అనుమతి తీసుకునే దారి ఉంది. ఎందుకు పెట్టారో నాలాగా ఎమర్జెన్సీలో పనిచేసినవాళ్ళకి తెలుసు, ఇంట్లోవాడే కారణమైన కేసులు ఉంటాయి. ఇంతకంటే ఇక్కడ రాయను.

ముందు తొమ్మిదో నెల ఫార్వర్డ్ సంగతి. అది పుట్టింది 2019 జనవరిలో. కాథీ ట్రాన్ అనే డెలిగేట్ (దిగువసభ సభ్యురాలు) ఒక బిల్లు పెట్టింది, ఆఖరి మూడు నెలల్లో అబార్షన్‌కి ముగ్గురు డాక్టర్లు సరే అనాలన్న నిబంధనని ఒక్కరికి తగ్గించాలని. అది సబ్‌కమిటీలోనే పోయింది. దాని మీద అప్పటి గవర్నర్ నార్థమ్ రేడియోలో ఏదో నాన్చుతూ మాట్లాడి ఇంకా గందరగోళం చేశాడు. అప్పటికి హష్మి సెనేటరే కాదు, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. ఇప్పటికీ వర్జీనియా చట్టం ఏమంటే, రెండో ట్రైమెస్టర్, అంటే ఆరో నెల, అయ్యేదాకా చేయొచ్చు, ఆ తర్వాత తల్లి ప్రాణం పోవచ్చని గానీ, ఆరోగ్యం కోలుకోలేనంత దెబ్బతింటుందని గానీ చేసే డాక్టరూ ఇంకో ఇద్దరూ రాసివ్వాలి, ఆసుపత్రిలోనే చేయాలి. 2020లో ఆవిడ ఓటేసిన చట్టం కూడా దీన్ని ముట్టుకోలేదు.

2020 చట్టం ఏం మార్చిందో ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తాను. అంతకుముందు అబార్షన్ కావాలంటే స్కాన్ తప్పనిసరి, అది డాక్టరుకి అవసరమని కాదు, చట్టం చెప్పిందని. స్కాన్ అయ్యాక 24 గంటలు ఆగాలి. వంద మైళ్ళ లోపు దూరం నుంచి బస్సులో వచ్చిన మనిషి ఒక రోజు జీతం పోగొట్టుకుని రాత్రికి ఎక్కడో ఉండి మళ్ళీ రావాలి. క్లినిక్‌లకి ఆసుపత్రి భవనాల కొలతలు పెట్టారు, వరండా వెడల్పు దగ్గర నుంచి. 2020లో ఇవన్నీ తీసేశారు, మొదటి మూడు నెలల్లో నర్స్ ప్రాక్టిషనర్లు కూడా చేయొచ్చన్నారు. ఆవిడ సెనేట్‌లో అడుగుపెట్టిన మొదటి సెషన్ అది.

ఇంకో విషయం, నేను రోజూ చూసేది. అబార్షన్ చట్టం అంటే పెళ్ళికాని పిల్లల వ్యవహారం అని మనవాళ్ళు అనుకుంటారు. నా దగ్గరికొచ్చే తెలుగువాళ్ళలో ఎక్కువమంది బిడ్డ కావాలని ఏళ్ళ తరబడి చూసి, హార్ట్‌బీట్ ఆగిపోయిందని విన్నవాళ్ళు. నిషేధం ఉన్న రాష్ట్రం నుంచి మారి వచ్చిన ఒకమ్మాయి చెప్పింది. తొమ్మిదో వారం స్కాన్‌లో హార్ట్‌బీట్ లేదు, బ్లీడింగ్ ఇంకా మొదలవలేదు. డాక్టరు మిసోప్రోస్టాల్ (గర్భసంచి ఖాళీ అయ్యేలా చేసే మాత్ర) రాసిచ్చారు. మందుల షాపు కౌంటర్ దగ్గర అమ్మాయి ఇది దేనికి అని అడిగి, లోపలికెళ్ళి, ఇంకొకరిని పిలిచి, డాక్టరుకి ఫోన్ చేయాలంది. ఫోన్ ఎత్తలేదు. వెనక లైన్లో వాళ్ళ కాలనీవాళ్ళే ఉన్నారు, ఈ పిల్ల చేతిలో స్కాన్ కాగితం పట్టుకుని నిలబడింది, చూపించాలా వద్దా తెలీక. మందు చేతికొచ్చేసరికి రెండు రోజులు పట్టింది. మిస్‌క్యారేజీకీ అబార్షన్‌కీ వాడేది ఒకే మందు, చేసేది ఒకే డీ అండ్ సీ, గర్భసంచి శుభ్రం చేసే చిన్న ఆపరేషన్. మన బీపీ మిషన్‌కి తెలీదు ఎవరి కడుపు ఎందుకు పోయిందో. వర్జీనియాలో పెట్టిన రాజ్యాంగ సవరణలో మిస్‌క్యారేజీ వైద్యం, సంతానం కోసం చేయించుకునే చికిత్స, కాన్పు తర్వాత చూసుకోవడం కూడా రాసి ఉన్నాయి, అబార్షన్ ఒక్కటే కాదు. ఐవీఎఫ్ చేయించుకుంటున్నవాళ్ళు మన గుడిలో ఎంతమంది ఉన్నారో నన్నడగొద్దు, చెప్పను.

ఇండియాతో పోల్చేవాళ్ళకి ఒక మాట. అక్కడ 1971 నుంచీ చట్టం ఉంది, 2021లో మార్చారు, 20 వారాల దాకా ఒక డాక్టరు, కొన్ని రకాల కేసుల్లో 24 దాకా ఇద్దరు, ఆపైన బిడ్డలో తీవ్ర లోపం ఉంటే మెడికల్ బోర్డు. 2022లో సుప్రీంకోర్టు పెళ్ళికానివాళ్ళకీ 24 వారాల వెసులుబాటు వర్తిస్తుందంది. భర్త సంతకం ఏ చట్టమూ అడగదు, అయినా నేను గుంటూరులో చదివేటప్పుడు "ఆయన్ని పిలువమ్మా" అనని ఆసుపత్రి చూడలేదు. అసలు మనకి గర్భనిరోధం అంటే రెండో కాన్పు కాగానే ఆపరేషన్, అదీ ఆడమనిషికే. అందుకే లూప్‌కీ మాత్రకీ హక్కు ఏమిటి అనిపిస్తుంది. అప్పుడు ఇద్దరు చాలన్నారు, ముగ్గురుంటే సర్పంచ్‌గా నిలబడొద్దన్నారు, 2024లో ఆంధ్ర అసెంబ్లీ ఆ నిబంధన తీసేసింది, ఇప్పుడేమో కనండి కనండి అంటున్నారు. ఎటు చెప్పినా కనేది నాయకులు కాదు.

బాల్టిమోర్_కిరణ్

మేరీల్యాండ్ నుంచి చిన్న ముక్క. మాకూ లెఫ్టినెంట్ గవర్నర్ హైదరాబాద్‌లో పుట్టినావిడే, అరుణా మిల్లర్, మన కాట్రగడ్డ వారమ్మాయి. 25 ఏళ్ళు మాంట్‌గోమరీ కౌంటీలో రోడ్ల ఇంజనీర్, 2010లో డెలిగేట్‌గా గెలిచింది, 2018లో కాంగ్రెస్‌కి ప్రయత్నించి ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) ఓడింది, 2023 జనవరి నుంచి ఈ పదవిలో. కానీ మా దగ్గర లెఫ్టినెంట్ గవర్నర్ సెనేట్‌లో కూర్చోరు, ఓటు లేదు, గవర్నర్ ఏ పని అప్పగిస్తే అది. మా రాష్ట్రంలో సవరణ 2024 నవంబర్ బ్యాలెట్‌లోనే వచ్చింది, నూటికి 76 మంది దాకా అవునన్నారు. అది గవర్నర్ మూర్ ప్రభుత్వం, సభ, ఓటర్లు కలిసి చేసింది, ఒక్కావిడ ఖాతాలో వెయ్యలేం. అక్కడా ఇక్కడా పదవి పేరు ఒకటే అని హష్మినీ ఈవిడనీ ఒకే గాటన కట్టకండి, మన పేపర్లు అలాగే రాస్తున్నాయి.

శ్రీను_గ్లెన్‌అలెన్

అక్కా, మావయ్య గారూ, ప్రసాద్ గారూ, చాలా థాంక్స్. మా ఆవిడ అక్క రాసింది మొత్తం చదివింది, ఆ మందుల షాపు ముక్క దగ్గర ఫోన్ పక్కన పెట్టేసింది.

ఒక డౌట్. ఇప్పుడు ఆవిడ సెనేట్‌కి అధ్యక్షత వహిస్తారు, టై అయితే ఓటేస్తారు అంటున్నారు. మరి ఆ సవరణ టై అయితే ఆవిడే పాస్ చేసేస్తారా? ప్రసాద్ గారి భయం ఆ లెక్కన నిజమవుతుందా?

చెస్టర్‌ఫీల్డ్_మావయ్య

లేదు. ఇది చాలామందికి తెలీదు, పేపర్లు కూడా సరిగ్గా రాయవు. మామూలు బిల్లు 20-20 అయితే లెఫ్టినెంట్ గవర్నర్ ఓటు పనిచేస్తుంది. 2020లో అక్క చెప్పిన ఆ చట్టమే సెనేట్‌లో 20-20 అయితే అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ జస్టిన్ ఫెయిర్‌ఫాక్స్ ఓటుతో గట్టెక్కింది, కాబట్టి ఆ కుర్చీ ఉత్తిది అనలేం. కానీ బడ్జెట్‌కీ, పన్నులకీ, రాజ్యాంగ సవరణకీ ఎన్నికైన సభ్యుల్లో సగం కంటే ఎక్కువమంది కావాలి, అంటే 40 మందిలో 21 మంది సెనేటర్లే ఉండాలి. అక్కడ ఆవిడ ఓటు లెక్కలోకి రాదు.

ఇంకో వింత చూడండి. 2025 సెషన్లో సవరణ మొదటిసారి పాసైనప్పుడు అవునని ఓటేసిన సెనేటర్లలో ఆవిడ ఉన్నారు. దాన్ని పెట్టింది మాత్రం ఆవిడ కాదు, సెనేట్‌లో జెన్నిఫర్ బాయ్‌స్కో, హౌస్‌లో, అంటే దిగువసభలో, షార్నీల్ హెరింగ్. మధ్యలో హౌస్ ఎన్నికలు జరిగాక కొత్త సభ మళ్ళీ పాస్ చేయాలి, అది 2026 జనవరి నుంచి. ఆ తర్వాతే జనం ఓటు. గవర్నర్‌కి దీని మీద వీటో లేదు, అందుకే యంగ్‌కిన్ ఉన్నా ముందుకు కదిలింది. ఇప్పుడు రెండో రౌండుకి ఆవిడకి ఓటూ ఉండదు, కమిటీ చైర్ కూడా పోతుంది. ప్రమోషన్ వచ్చి చేతిలో పని తగ్గడం మన ఆఫీసుల్లోనూ చూస్తుంటాం. జీతం మాత్రం 18,000 నుంచి 36,000 చిల్లరకి పెరుగుతుంది. హౌస్‌లో డెమొక్రాట్లు 64 మంది అయ్యారు, కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు, సెనేట్‌లో 21 మందిలో ఒక్కరు అటూ ఇటూ అయినా ఆగుతుంది.

ప్రసాద్ గారు అడిగిన ఎన్నికల కోసమే కదా అన్నదానికి: కొంత నిజం. 2025 జూన్ డెమొక్రాట్ల ప్రైమరీలో ఆరుగురు నిలబడితే 28 శాతం లోపు ఓట్లతో గెలిచారు, రిచ్‌మండ్ మాజీ మేయర్ స్టోనీ, సెనేటర్ రౌస్ ఇద్దరూ వెనకే ఉన్నారు, తేడా ఒకటి చుట్టూ శాతం. అలాంటి పోటీలో వీటో అయిన బిల్లు కూడా ప్రచారానికి పనికొస్తుంది, అది దాచేదేం లేదు. కానీ గవర్నర్ కొట్టేశాడని మళ్ళీ పెట్టకుండా ఊరుకుంటే అప్పుడేమంటాం, మొక్కుబడికి పెట్టి వదిలేసిందంటాం. నర్సుల నమ్మకం గురించి ఒక పేరా కలిపి ఉండాల్సింది అన్న మీ మాటతో నాకు సగం ఒప్పుదలే. ఆ పేరా ఎంత వెడల్పు రాస్తారన్నదే గొడవంతా, యజమాని నమ్మకం కూడా అందులో దూరితే ఇన్సూరెన్స్‌లో మాత్రలకి డబ్బు కట్టేది ఎవరు?

యాష్‌బర్న్_ప్రసాద్

యజమానుల సంగతి నేను ఆలోచించలేదని కాదు, అది వేరే చర్చ. టై ఓటు సవరణకి పనిచేయదన్నది మాత్రం మా గ్రూపులో వేస్తాను, అక్కడ రివర్స్‌లో తిరుగుతోంది. నా ఓటు మాత్రం జనం ముందుకొచ్చినప్పుడు వద్దనే, అది ముందే చెప్తున్నా.

ఆమె పెట్టిన బిల్లులన్నీ ఒకచోట చూడాలంటే ఎక్కడ? పార్టీ వెబ్‌సైట్లు వద్దు.

గైనిక్_అక్క

మీ ఓటు మీది ప్రసాద్ గారూ. అమ్మాయి విషయంలో మాత్రం చట్టం ఎటున్నా ముందు మీ ఇద్దరిలో ఒకరితో చెప్పుకునేలా ఇంట్లో మాట ఉండనివ్వండి, పదమూడంటే పీరియడ్స్ గురించే సగంమంది తల్లిదండ్రులు సరిగ్గా మాట్లాడరు. ఇది డాక్టరుగా చెప్తున్నా, రాజకీయం కాదు.

చెస్టర్‌ఫీల్డ్_మావయ్య

వర్జీనియా లెజిస్లేటివ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్ అని సభ వాళ్ళదే సైట్ ఉంది, ఉచితం. సెషన్ సంవత్సరం ఎంచుకుని సభ్యుల జాబితాలో హష్మి మీద నొక్కితే చీఫ్ పేట్రన్‌గా ఆవిడ పెట్టినవి ఒక వరసలో, ఇతరుల బిల్లుల్లో పేరు కలిపినవి ఇంకో వరసలో వస్తాయి. మొదటి వరసే చూడండి, రెండోదాంట్లో ఎవరైనా పేరు కలపొచ్చు. ఒక్కో బిల్లు తెరిస్తే ఏ కమిటీలో ఎన్ని ఓట్లు, ఎవరు ఎటు, గవర్నర్ వీటో చేస్తే ఆయన రాసిన కారణం కూడా అక్కడే ఉంటుంది. 2024, 2025 రెండూ తెరిచి గర్భనిరోధకాల బిల్లు మీద యంగ్‌కిన్ రాసింది పక్కపక్కన చదవండి, మీ పాయింటుకి పనికొచ్చేదీ, నా పాయింటుకి పనికొచ్చేదీ దొరుకుతాయి.

శ్రీను గారూ, ఆవిడ ఖాళీ చేసే 15వ సీటుకి 2026 జనవరిలో ఉపఎన్నిక ఉంటుంది, కానీ అది మా వైపు, గ్లెన్ అలెన్ వాళ్ళకి ఆ ఓటు రాదు. మీ సెనేటర్ ఎవరో వర్జీనియా సభ సైట్‌లో అడ్రస్ కొట్టి చూసుకోండి, 21 లెక్కలో ఆ పేరు ఎటు ఉందో తెలుస్తుంది.